స్టాలిన్‌కు చర్చి దండం

ప్రశ్న: దేవుడే లేడన్న స్టాలిన్‌ని రష్యా చర్చి పత్రిక తెగ పొగిడిందట కదండీ! భయమా, భక్తా? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: నన్నడిగితే భయం పాలే ఎక్కువండీ. 1937–38లో వేల మంది మతగురువులను కాల్చి చంపారు, 1939 నాటికి అంత పెద్ద దేశంలో జైలు బయట ఉండి పదవిలో మిగిలిన బిషప్పులు నలుగురే. తర్వాత హిట్లర్ దండెత్తాడు, జనాన్ని కూడగట్టాలంటే చర్చి అవసరం పడింది. 1943 సెప్టెంబర్ 4 రాత్రి స్టాలిన్ ముగ్గురు మెట్రోపాలిటన్లను, అంటే పెద్ద బిషప్పులను, క్రెమ్లిన్‌కి పిలిపించి, మీకేం కావాలని అడిగాడు (కుర్రతనంలో టిఫ్లిస్ సెమినరీలో, అంటే మతగురువుల బడిలో, చదివినవాడే లెండి). నాలుగు రోజుల్లో చర్చి అధిపతి అయిన పాట్రియార్క్ ఎన్నిక అయిపోయింది, 1935లో మూతపడ్డ 'మాస్కో పాట్రియార్కేట్ పత్రిక' కూడా ఆ నెలలోనే మళ్లీ వచ్చింది.

అచ్చేసుకోనిచ్చిందే ఆయన, ఇక పొగడక ఏం చేస్తారు? పైగా చర్చి వ్యవహారాల మండలి పెట్టి, దాని మీద కార్పోవ్ అనే రహస్య పోలీసు అధికారిని కూర్చోబెట్టారు. 1953 మార్చిలో స్టాలిన్ పోయినప్పుడు పాట్రియార్క్ అలెక్సీ స్వయంగా ప్రార్థన జరిపి, చర్చి అవసరాలను ఆయన ఎంత బాగా పట్టించుకున్నాడో చెప్పాడు, పత్రిక ఆ ప్రసంగాన్ని అచ్చేసింది. కాల్చేసిన గురువుల ఊసు మాత్రం అందులో లేదు.