పచ్చబొట్టు మోటు అలంకారమేనా? మా జేజి చెయ్యి గుర్తొచ్చి రాస్తున్నా

"మా అవ్వ చేతుల నిండా పచ్చబొట్లున్నాయి. అవి చదువు లేని పల్లెటూరివాళ్ళ మోటు అలంకారం అంటున్నారు, నిజమేనా? వేరే దేశాల్లోనూ ఉన్నాయా?" అని ఒకరు అడిగారు. ఆ 'మోటు' అన్న మాట దగ్గరే నాకు మనసు చివుక్కుమంది.

మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం వైపు పల్లె. మా జేజికి గడ్డం మీద ఒక చుక్క, కుడి ముంజేతి మీద తేలు, దాని చుట్టూ ముగ్గులా చుక్కలు ఉండేవి. ఏడెనిమిదేళ్ళప్పుడు ఊళ్ళోకొచ్చిన ఎరుకలామె పొడిచిందట. నాలుగు సూదులు దారంతో కలిపి కట్టి, దీపం మసిలో ఆకు పసరు కలిపి, అందులో ముంచి పొడవడం. పిల్ల ఏడవకుండా పాట పాడుతూనే పొడిచేదట. పైన పసుపు పూసి, కూలికి జొన్నలు కొలిపించుకుని పోయేది.

నల్లటి మసి పచ్చగా ఎందుకు కనిపిస్తుందని చిన్నప్పుడు అడిగేవాణ్ణి. మసి పై చర్మంలో నిలవదు, ఆ పొర రాలిపోతూనే ఉంటుంది. కింది పొరలోకి దిగిన రేణువుల్ని అక్కడి కణాలు మింగి పట్టుకుంటాయి. చర్మం గుండా చూస్తాం కాబట్టి ఆ నలుపే మన కంటికి నీలంగా, పచ్చగా తోస్తుంది.

ఇక వేరే దేశాల సంగతి. 1991లో ఆల్ప్స్ మంచులో దొరికిన ఓట్జీ అనే మనిషి దాదాపు 5,300 ఏళ్ళ కిందటివాడు. అతని ఒంటి మీద 61 పచ్చబొట్టు గుర్తులున్నాయి. చాలావరకు నడుము, మోకాలు, చీలమండల దగ్గరే ఉన్నాయి కనుక నొప్పులకు వైద్యంగా పొడిపించుకుని ఉంటాడని పరిశోధకులు అనుకుంటున్నారు. న్యూజిలాండ్ ఆదివాసులైన మావోరీ స్త్రీలు గడ్డం మీద వేయించుకునే 'మోకో కౌవాయ్' అనే పచ్చబొట్టు వాళ్ళ వంశం చెబుతుంది. దాన్ని 2016లో వేయించుకున్న నానయా మహూతా అదే ముఖంతో 2020లో ఆ దేశ విదేశాంగ మంత్రి అయ్యారు. జపాన్‌లో ఐనూ అనే ఆదివాసీ స్త్రీలు పెదాల చుట్టూ పొడిపించుకునేవాళ్ళు. 1871లో ప్రభుత్వం దాన్ని నిషేధించింది.

నన్ను బాగా కదిలించింది మాత్రం ఫిలిప్పీన్స్‌లోని బుస్కలాన్ ఊళ్ళో పచ్చబొట్లు పొడిచే వాంగ్ ఓద్ అనే ఆమె. 1917లో పుట్టారు. చెట్టు ముల్లు, మసినీళ్ళు, తట్టడానికి ఒక కర్ర, అంతే ఆమె సరంజామా. 2023లో 106 ఏళ్ళ వయసులో వోగ్ ఫిలిప్పీన్స్ పత్రిక ముఖచిత్రంగా వచ్చారు. ఆ ఫోటో చూడగానే జేజి చెప్పిన ఎరుకలామె గుర్తొచ్చింది. పని ఒకటే, పనిముట్లూ దాదాపు అవే. ఆ ఎరుకలామె పేరు మాత్రం మా ఊళ్ళో ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

వాన రాక శెనక్కాయ ఎండిపోయిన ఏడు జేజి కమ్మలు, గాజులు కుదువకు పోయి తిరిగి రాలేదు. "పోతే పోనీలేబ్బీ, ఇది నాతోపాటు కాటికొస్తాది" అని చెయ్యి చూపించింది. ఎడమచేతి మీద తాత పేరు కూడా ఉండేది, పెళ్ళయ్యాక తిరణాలలో మిషనుతో వేయించుకున్నది. మొగుని పేరు నోటితో పలకకూడదు కదా. రేషన్ కార్డు రాయడానికి వచ్చినాయన "భర్త పేరు?" అంటే ఏమీ మాట్లాడకుండా కొంగు పక్కకు తీసి ఆ చెయ్యి చాపింది. ఆయన చూసి రాసుకున్నాడు.