రెండో తాళంచెవి

చిట్టీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, ఎవరో పోయారన్నంత గొంతుతో "అక్కా, అది యార్క్‌లో పబ్బులో పడుకుంటుందట" అన్నాడు. వాడి కళ్ళముందు జూబ్లీహిల్స్, డీజే, పోలీసులు తిరుగుతున్నారు. ఒరే, అక్కడి పబ్బంటే మన పాతకాలపు పూటకూళ్ళింటికి చుట్టమేరా, కింద తిండీ తాగుడూ, పైన మంచాలూ అని చెప్పాను. "తాగుడూ" దగ్గరే ఆగిపోయాడు. చివరికి నేను పూచీ పడితేనే ఫోన్ పెట్టాడు. ఇంగ్లండు వెళ్ళి లీడ్స్‌లో చదువుకుంటూ, మిగుల్చుకున్న డబ్బుతో ఒక్కదానివే ఒక రాత్రి ఊరు చూసొస్తావంటే నాకు గర్వంగానే ఉంది. పూచీ పడ్డాక మాత్రం నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

చిన్న సంగతులు ముందు. అవి పాత కట్టడాలు, లిఫ్టు ఉండకపోవచ్చు, మెట్లు ఒక మనిషి పట్టేంతే, చేతిసంచి చాలు. గది తాళం చాలా చోట్ల బార్ దగ్గరే ఇస్తారు. భోజనానికి ఎవరో వచ్చి అడుగుతారని బల్ల దగ్గర కూర్చుంటే తెల్లారిపోతుంది. బల్ల నంబరు చూసుకుని కౌంటర్ దగ్గరే చెప్పి, అక్కడే డబ్బు కట్టాలి. వంటగది తొమ్మిదికే కట్టేసే చోట్లున్నాయి, ముందే అడుగు. లైమ్ సోడా తీసుకుంటే ఎవరూ వింతగా చూడరు. ఇంకేదన్నా తాగుతావా, పెద్దదానివి, నీ ఇష్టం. పైంటంటే 568 మిల్లీలీటర్లు, సగం పైంటు కూడా ఇస్తారు. గ్లాసు బల్ల మీద వదిలి బాత్‌రూమ్‌కి వెళ్ళొస్తే మళ్ళీ ఆ గ్లాసు ముట్టుకోకు. ఈ ఒక్కటీ నా కోసం.

శనివారం అన్నావు, అదే నాకు నచ్చలేదు. శనివారాలు యార్క్‌లో కాబోయే పెళ్ళికూతుళ్ళూ వాళ్ళ స్నేహితురాళ్ళూ గుంపులుగా దిగుతారు, కొందరు రైల్లోనే సగం తాగేసి. బార్‌కి సరిగ్గా పైన కాకుండా, వెనకవైపు పై అంతస్తులో గది అడుగు. గదుల్ని "బుటీక్" అన్నారంటే గోడలకి పక్షుల బొమ్మల కాగితం, కాళ్ళున్న స్నానాల తొట్టి, దానికి తగ్గ అద్దె. నేల చెక్కలు మాత్రం పాతవే, కింద ఎవరు నవ్వినా నీ మంచం దాకా వినపడుతుంది. దయ్యం ఉందని కూడా చెప్తారు. యార్క్‌లో దయ్యం లేని పబ్బుకి పరువు తక్కువ.

ఇక అసలు సంగతి. మీ నాన్నకి కూడా తెలియదు.

1985 నవంబరు. గుంటూరు మెడికల్ కాలేజీ గాలి ఇంకా వదల్లేదు నాకు. మర్నాడు పొద్దున యార్క్‌లో ఇంటర్వ్యూ. చవగ్గా ఉంటుందని ఎవరో ఒక పబ్బులో గది మాట్లాడిపెట్టారు, "బూతమ్ బార్ దాటగానే" అన్నారు. పేరులో భూతం, దాని తోకకి బార్! సారా దుకాణం అనుకుని వెతికితే పోలీసాయన రాతి కోటగుమ్మం చూపించాడు. ఆ ఊళ్ళో అంతే: వీధి పేరు గేటు, గేటు పేరు బారు, బారు పేరు పబ్బు.

మూడున్నరకి చేరాను. తలుపులు బిగించి ఉన్నాయి. మొదటి ప్రపంచయుద్ధంలో మందుగుండు కార్మికులు పనివేళ తాగకూడదని మధ్యాహ్నాలు పబ్బులు మూయించిన చట్టం 1988 దాకా సాగింది, నాకేం తెలుసు? వాన. మిన్‌స్టర్ చర్చిలో కూర్చున్నాను. అంతకు ముందేడు జులైలో దాని దక్షిణం కప్పు కాలిపోయింది, పిడుగు వల్లేనంటారు, ఇంకా పరంజాలు కట్టే ఉన్నాయి. నా పరిస్థితికి తగ్గ చోటే దొరికిందనుకున్నాను.

సాయంత్రం పబ్బు తెరిచాక లోపలికెళ్తే కౌంటర్ వెనక పెద్దావిడ "ఆల్ రైట్, లవ్?" అంది. యార్క్‌షైర్‌లో బస్ కండక్టర్ కూడా అలాగే పిలుస్తాడని తర్వాత తెలిసింది. అప్పటికి నా చెవులు వేడెక్కిపోయాయి. రెండు తాళంచెవులు ముందు పెట్టి, ఆ యాసలో ఒక నిమిషం పాటు ఏదో చెప్పింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. "యస్, యస్" అంటూ తలాడించి, నంబరు బిళ్ళ ఉన్నది తీసుకున్నాను. రెండోది ఇంకెవరిదో అనుకున్నాను.

సంచి గదిలో పడేసి, మగాళ్ళ మధ్య తినలేక బయట చిప్స్ తిన్నాను. తొమ్మిదికి తిరిగొచ్చి కిటికీలోంచి చూస్తే లోపల పొగ, కిక్కిరిసిన జనం, మేడమెట్లు అటు చివర. చీర మీద కోటు వేసుకున్న నేను వాళ్ళందరి మధ్య నుంచి నడవాలి. నా కాళ్ళు రాలేదు. వాళ్ళు పోయాక వెళ్దాంలే అని వీధులు తిరిగాను. పదకొండున్నరకి వస్తే దీపాలు లేవు, తలుపు గడియ. పక్కసందులో చిన్న తలుపు, దానికో తాళంచెవి కంత. రెండో తాళంచెవి దేనికో అప్పుడు అర్థమైంది. ఆ కంతలో వేలు పెట్టి చూశాను, పిచ్చిదానిలా. తలుపు తట్టాను కూడా, కానీ ఎలా? అవతలివాళ్ళకి నిద్రాభంగం కాకుండా! ఆ మొహమాటాన్ని ఇప్పటికీ తిట్టుకుంటాను.

రాత్రంతా యార్క్ స్టేషన్లో, ఆ పెద్ద ఇనుప కప్పు కింద బెంచీ మీద. తెల్లవారుజామున ఒక పోర్టరు ఫ్లాస్కు మూతలో టీ పోసిచ్చాడు. ఏడింటికి వెళ్తే పెద్దావిడ నన్ను చూసి నోరు నొక్కుకుంది. బార్‌లోంచే రావచ్చు కదా అన్నట్టు తిడుతూనే రెండు గుడ్లు వేయించింది. పళ్ళెంలో నల్లగా గుండ్రంగా ఉన్నది మాడిన గారె అనుకుని తినేశాను. అది పంది రక్తంతో చేసేదట. నీకు వద్దనుకుంటే ముందే చెప్పు.

ఉద్యోగం రాలేదు. ఆ రాత్రి వల్లేనని చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. నిజానికి రెండో ప్రశ్నకే నాకు జవాబు తెలియదు. మీ తాతయ్యకి మాత్రం "హోటల్లో దిగాను, సౌకర్యంగా ఉంది" అని రాశాను.

కాబట్టి నువ్వు ముందు తలుపులోంచే వెళ్ళు, జనం మధ్యలోంచే నడువు. రాత్రి ఏ తలుపు, తాళమా, నంబరు నొక్కాలా, తెరుచుకోకపోతే ఎవరికి ఫోన్ చేయాలి: అర్థం కాకపోతే మూడుసార్లు అడుగు. వెలుగుండగానే ఒకసారి బయటికొచ్చి ఆ తలుపు నువ్వే తీసి చూసుకో. నాకు మెసేజ్ పెట్టు. ఇక్కడ తెల్లవారుజాము మూడైనా సరే, మెలకువగానే ఉంటాను. నీకు చెప్పకుండా మీ నాన్నకీ పంపిస్తాను, తిట్టుకోకు.

పొద్దున లేచాక కిటికీలోంచి మిన్‌స్టర్ కనపడుతుందేమో చూసి చెప్పు తల్లీ. నా గదిలోంచి కనపడేదో లేదో నాకు తెలియదు. ఆ మంచానికి డబ్బైతే కట్టాను.

మీ అత్తయ్య
తెనాలి