జాన్ పోస్టెల్ ఉన్నన్నాళ్లూ లేని గొడవ ఐకాన్ రాగానే ఎందుకు మొదలైంది?

మీరు అడిగింది ఇది: "ఇంటర్నెట్ పేర్ల వ్యవహారమంతా జాన్ పోస్టెల్ ఒక్కడే చూసుకునేటప్పుడు ఏ గొడవా లేదు కదా, 1998లో ఐకాన్ పెట్టగానే అంత రచ్చ ఎందుకైంది? అసలు ఆ బోర్డును ఎవరు ఎన్నుకున్నారు?"

ఐకాన్ అంటే ఇంటర్నెట్ పేర్లు, నంబర్ల పంపకాన్ని చూసే సంస్థ. పోస్టెల్ అంతకుముందు ఆ పని చూసిన అమెరికన్ కంప్యూటర్ శాస్త్రవేత్త. రెండో ప్రశ్నకు జవాబు చిన్నది. మొదటి బోర్డును ఎవరూ ఎన్నుకోలేదు. మొదటి ప్రశ్నలో మాత్రం ఒక సవరణ ఉంది. పోస్టెల్ ఉన్నప్పుడూ గొడవ ఉంది, అది పెద్దదే. ఆయన మీద నమ్మకం ఉండటం వల్ల బయటివాళ్లకు కనిపించలేదు, అంతే.

నేనిందులోకి ఎలా దిగానో చెప్తాను. 1999లో అమీర్‌పేటలో ఒక చిన్న కంపెనీలో సర్వర్లు చూసుకునేవాణ్ణి. సర్వర్లంటే పెద్దగా ఊహించుకోకండి, రెండు పీసీలు, ఒక మోడెమ్. మా ఓనరుకి డాట్ కామ్ పేరు కావాల్సొచ్చింది. అప్పట్లో రెండేళ్లకు కలిపి 70 డాలర్లు. డాలర్లలో కట్టే కార్డు ఆఫీసులో ఎవరి దగ్గరా లేదు. న్యూజెర్సీలో ఉన్న మా పెద్దమ్మ కొడుకుని బతిమాలి కట్టించాం. "ఒక పేరుకి మూడు వేలా? ఆ డబ్బు ఎవడికి పోతుందిరా?" అన్నాడు ఓనరు. నాకూ తెలీదు. తెలుసుకుందామని బయల్దేరితే ఈ కథంతా తగిలింది.

ఆ డబ్బు నెట్‌వర్క్ సొల్యూషన్స్ అనే కంపెనీకి పోయేది. 1993 నుంచి అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌తో ఒప్పందం మీద డాట్ కామ్, డాట్ నెట్, డాట్ ఆర్గ్ పేర్లను వాళ్లే రాసేవారు. మొదట్లో పేరు ఉచితం. 1995 సెప్టెంబరులో రెండేళ్లకు 100 డాలర్లని రుసుము పెట్టారు. పోటీ లేదు, ఇంకో దుకాణం లేదు. ఆ గుత్త విలువ ఎంతంటే, 2000లో వెరిసైన్ ఆ కంపెనీని కొనడానికి షేర్ల రూపంలో సుమారు 21 బిలియన్ డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. అమెరికాలో చాలామందికి మంట పుట్టింది అక్కడే: నిన్నటిదాకా ఊరుమ్మడి చెరువు, ఇవాళ గుత్తేదారు గట్టు మీద కూర్చుని చీటీ అడుగుతున్నాడు.

రెండో పక్కన పోస్టెల్. లాస్ ఏంజిలస్ దగ్గర మరీనా డెల్ రేలో, సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీకి చెందిన ఇన్ఫర్మేషన్ సైన్సెస్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆయన ఉద్యోగి. ఏ దేశపు రెండక్షరాల పేరును (మన డాట్ ఇన్ లాంటివి) ఎవరికి అప్పగించాలి, ఏ నంబరు ఎవరికివ్వాలి అన్నది ఆయన చూసుకునేవాడు. ఆ పనికి ఐయానా అని పేరు. 1994 మార్చిలో ఆయన రాసిన ఆర్‌ఎఫ్‌సీ 1591 అనే పత్రం చదివితే ఆయన ధోరణి తెలుస్తుంది. అందులో దేశపు పేరును చూసుకునేవాణ్ణి యజమానిగా కాక ధర్మకర్తగా చూస్తాడు, హక్కుల గురించి వాదించడం తగదు, బాధ్యత గురించి మాట్లాడాలి అంటాడు. మంచి మాట. కానీ ధర్మకర్త తప్పు చేస్తే ఎవరికి చెప్పుకోవాలి? పోస్టెల్‌కే. పోస్టెల్ తప్పు చేస్తే? అక్కడ కాగితం ఖాళీ.

ఆ ఖాళీ ఎంత పెద్దదో 1998 జనవరి 28న తేలింది. ఇంటర్నెట్‌లో ఏ పేరు వెతికినా చివరికి దారి రూట్ సర్వర్ల నుంచి మొదలవుతుంది. అప్పటికి అవి 13. వాటిలోని జాబితా అసలు కాపీ నెట్‌వర్క్ సొల్యూషన్స్ దగ్గరున్న 'A' అనే సర్వర్‌లో ఉండేది, మిగతా 12 దాన్ని చూసి రాసుకునేవి. ఆ రోజు పోస్టెల్ ఎనిమిది సర్వర్ల నిర్వాహకులకు మెయిల్ పంపాడు: ఇకనుంచి 'A' సర్వర్ నుంచి కాదు, నేను చెప్పిన యంత్రం నుంచి తీసుకోండి. వాళ్లు మారు మాట్లాడకుండా మార్చేశారు! మామూలు జనానికి ఏమీ తెలియలేదు, ఎందుకంటే రెండు చోట్లా ఉన్న సమాచారం ఒకటే. కానీ కొన్నాళ్లపాటు ఇంటర్నెట్ తల్లివేరు రెండుగా చీలింది, ఒక సగం ఒక మనిషి మాట మీద నడిచింది. క్లింటన్ సలహాదారు ఐరా మ్యాగజైనర్ కలగజేసుకుని వెంటనే వెనక్కి మార్చమన్నాడు. అది పరీక్ష మాత్రమే అన్నాడు పోస్టెల్, మార్చేశాడు. ఆ మెయిల్ వెళ్లిన రెండు రోజులకే, జనవరి 30న, అమెరికా వాణిజ్య శాఖ ఈ వ్యవహారాన్ని ఒక కొత్త సంస్థకు ఎలా అప్పగించాలో ముసాయిదా విడుదల చేసింది.

పరీక్షో, బలప్రదర్శనో అని ఇప్పటికీ వాదించుకునేవాళ్లున్నారు. ఆ ముసాయిదా సరిగ్గా బయటికొచ్చే సమయంలో ఊరికే పరీక్ష చేయాలనిపించిందంటే నేను నమ్మను. ఆయన్ని దేవుడిగా చూసేవాళ్లకు ఈ మాట నచ్చదని తెలుసు. ఆయన స్వార్థం కోసం చేశాడని కూడా నేననను, డబ్బు చేసుకోవాలనుకుంటే ఆయనకున్నన్ని అవకాశాలు ఎవరికున్నాయి? కానీ ఎనిమిది మంది అడగకుండా మాట విన్నారంటే అది ఆయన మంచితనానికి రుజువు, వ్యవస్థ లేకపోవడానికి కూడా అదే రుజువు.

ఆ ఏడాది సెప్టెంబరు 30న కాలిఫోర్నియాలో లాభాపేక్ష లేని సంస్థగా ఐకాన్ రిజిస్టరైంది. అక్టోబరు 16న పోస్టెల్ గుండె ఆపరేషన్ తర్వాత చనిపోయాడు, 55 ఏళ్లకే. పదహారు రోజుల తేడా. కొత్త సంస్థలో సాంకేతిక వ్యవహారాలకు పెద్ద దిక్కు ఆయనే అని అందరూ అనుకున్నారు. ఆయన మీదున్న నమ్మకాన్ని పెట్టుబడిగా పెట్టి కట్టిన ఇంట్లో ఆయన లేడు, మిగిలింది బోర్డు.

ఆ బోర్డు ఎలా వచ్చిందంటారా, పోస్టెల్ తరఫు న్యాయవాది జో సిమ్స్ తదితరులు లోలోపల మాట్లాడుకుని కూర్చిన పేర్లు అవి. అధ్యక్షురాలు ఎస్తర్ డైసన్, సీఈఓ మైక్ రాబర్ట్స్. పేర్ల గొడవలో ఇదివరకు తలదూర్చనివాళ్లయితే తటస్థంగా ఉంటారని వాళ్ల లెక్క. జనానికి మాత్రం ముక్కూ మొహం తెలియనివాళ్లను తెచ్చి కూర్చోబెట్టినట్టయింది. నవంబరులో అమెరికాలోని కేంబ్రిడ్జ్ పట్టణంలో మొదటిసారి జనం ముందుకొచ్చి మాట్లాడినప్పుడు సభలో వచ్చిన నిలదీత అదే, మిమ్మల్ని ఎవరు పెట్టారు అని. పైగా నిర్ణయాలు తీసుకునే బోర్డు సమావేశాలు తలుపులు వేసుకుని జరిపేవారు. ప్రతి పేరు మీద ఏడాదికి ఒక డాలరు వసూలు చేస్తామన్నారు. పన్ను వేసే అధికారం మీకెక్కడిదని అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం 1999 జులైలో పిలిచి అడిగింది. డాలరు ఆలోచన మానుకున్నారు. ఆగస్టులో చిలీ రాజధాని శాంటియాగోలో బోర్డు తన సమావేశాన్ని తొలిసారి అందరి ముందు జరిపింది. చిత్రమేమిటంటే, అటు కాంగ్రెస్‌లో కేకలేసినవాళ్లలో కొందరికి ప్రజాస్వామ్యం కన్నా నెట్‌వర్క్ సొల్యూషన్స్ లాభం మీద ఎక్కువ ప్రేమ. జవాబుదారీ అన్న మాట ఎవరు వాడుతున్నారో కూడా చూసుకోవాలి.

ఇప్పుడు నా కథకు వస్తాను. 2000లో ఐకాన్ ప్రపంచంలో ఎవరైనా సభ్యులు కావచ్చంది. పదహారేళ్లు నిండి, ఈమెయిల్, పోస్టల్ అడ్రసు ఉంటే చాలు. ఖండానికొకరు చొప్పున ఐదుగురు డైరెక్టర్లను నేరుగా ఆన్‌లైన్‌లో ఎన్నుకోవచ్చు. నేను ఎగిరి గంతేసి నమోదు చేసుకున్నాను. అడ్రసు దగ్గర మాత్రం తెలివి చూపించాను. అమీర్‌పేటలో రూములు ఆర్నెల్లకోసారి మారేవాణ్ణి కాబట్టి తెనాలి దగ్గర మా ఊరి అడ్రసు ఇచ్చాను. రహస్య సంఖ్య పోస్టులో వస్తుంది, దాన్ని గడువులోగా ఆన్‌లైన్‌లో కొట్టాలి. ఉత్తరం వచ్చింది. మా నాన్న విదేశీ స్టాంపు చూసి, అబ్బాయికి అమెరికా నుంచి ఏదో ముఖ్యమైంది వచ్చిందని బీరువాలో పొలం కాగితాల మధ్య భద్రంగా పెట్టాడు. ఫోన్‌లో చెప్పడం మర్చిపోయాడు. దసరాకి వెళ్తే చేతికిచ్చాడు. ఓటింగ్ అప్పుడే జరుగుతోంది, కానీ సంఖ్య కొట్టే గడువు దాటిపోయింది. నాన్నని ఏమంటాం? తప్పు నాదే.

లెక్కలు బయటికొచ్చాక చూస్తే నాలాంటివాళ్లు బోలెడుమంది. నమోదైనవాళ్లు లక్షా 58 వేల పైచిలుకు, సంఖ్య కొట్టి సభ్యత్వం ఖరారు చేసుకున్నవాళ్లు 76 వేలు, ఓటేసినవాళ్లు 34,035. అందులో ఆసియా పసిఫిక్‌వి 17,745, ఆఫ్రికా ఖండం మొత్తానికి 130. ఆ 130 ఓట్లు పడ్డ ఎన్నికలోనే ఘనాకి చెందిన నీ క్వేనార్ గెలిచాడు. ఆఫ్రికాలో ఇంటర్నెట్ తెచ్చినవాళ్లలో ఆయన పెద్దవాడు, మంచి ఎంపికే. అయినా 130 ఓట్లు పడ్డ ఎన్నికతో ఒక ఖండానికి ప్రతినిధి అంటే మా వీధి వార్డు మెంబరు కూడా నవ్వుతాడు. ఎన్నిక వద్దన్నవాళ్లకు ఈ అంకె బాగా పనికొచ్చింది.

ఉత్తర అమెరికా నుంచి గెలిచింది కార్ల్ ఆవర్‌బాక్, ఇంజినీరూ లాయరూ కూడా. మొత్తం కథలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది ఈయన వ్యవహారం. డైరెక్టరయ్యాక సంస్థ లెక్కల పుస్తకాలు చూస్తానన్నాడు. చూడొచ్చు, కానీ ఫలానా షరతులకు ఒప్పుకుని సంతకం పెట్టాలంది యాజమాన్యం. ఆయన పెట్టలేదు. నెలల తరబడి ఉత్తరాలు నడిచాయి. చివరికి 2002 మార్చిలో తాను డైరెక్టరుగా ఉన్న సంస్థ మీదే లాస్ ఏంజిలస్‌లో కేసు వేశాడు. కాలిఫోర్నియా చట్టం ప్రకారం లాభాపేక్ష లేని సంస్థ డైరెక్టరుకు రికార్డులు చూసే హక్కు సంపూర్ణం. జులై 29న జడ్జి ఆయన పక్షాన తీర్పిచ్చింది. గెలిచాడు, కానీ ఆ కుర్చీయే ఉండకుండా పోయింది. ఆ ఫిబ్రవరిలోనే సీఈఓ స్టువర్ట్ లిన్ సంస్కరణల పత్రం రాశాడు, డిసెంబరుకల్లా కొత్త నిబంధనలు వచ్చాయి, నేరు ఎన్నికలు పోయాయి. వాటి స్థానంలో నామినేటింగ్ కమిటీ అని పెట్టి, బోర్డులో ఎనిమిది మందిని అది ఎంపిక చేసేలా మార్చారు. మరోపక్క తాత్కాలికంగా వచ్చిన మొదటి బోర్డులో నలుగురు ఏళ్ల తరబడి కదల్లేదు. విమర్శకులు వాళ్లకు బోర్డును ఆక్రమించుకున్నవాళ్లని పేరు పెట్టారు.

అందుకే ఎన్నిక తీసేశారు కాబట్టి ప్రజాస్వామ్యం పోయిందనే వాదన నాకు సగమే ఒప్పు. ఎన్నిక ఉన్నప్పుడు కూడా గెలిచినవాడికి లెక్కలు చూపించలేదు కదా. లెక్క అడిగే దారి, తప్పు చేసినవాణ్ణి దించే దారి లేనప్పుడు 130 ఓట్లయినా లక్షా 30 వేల ఓట్లయినా ఒకటే.

ఆ దారులు వచ్చింది 2016లో. ఐకాన్ పనిని పర్యవేక్షించడానికి అమెరికా ప్రభుత్వానికి అప్పటిదాకా ఒక ఒప్పందం ఉండేది, ఆ అక్టోబరు 1తో దాన్ని వదులుకుంది. దానికి బదులుగా డైరెక్టర్లను తొలగించే, బడ్జెట్‌ను తిప్పికొట్టే, అవసరమైతే బోర్డు మొత్తాన్ని దించే అధికారం పేర్లు, నంబర్లు చూసే సంఘాలు, వాడకందార్లు, ప్రభుత్వాల ప్రతినిధులు కలిసిన సముదాయానికి ఇస్తూ నిబంధనలు రాశారు. ఆ తర్వాత జరిగిన మొదటి ఐకాన్ సమావేశం మన హైదరాబాద్‌లోనే, నవంబరు 3 నుంచి 9 దాకా హెచ్‌ఐసీసీలో. ప్రవేశ రుసుము లేదు, సెలవు పెట్టి వెళ్లాను. బోర్డంతా వేదిక మీద వరసగా కూర్చుంటుంది, కింద మైకు దగ్గర ఎవరైనా లైన్లో నిలబడి అడగొచ్చు. పదహారేళ్ల కిందట దొరకని ఓటుకు బదులు ఇదైనా దొరికిందనుకున్నాను. అడగడానికి ప్రశ్న రాసుకుని వెళ్లాను కూడా, తీరా నాకన్నా ముందున్నావిడ అదే అడిగేసింది. 8వ తేదీ రాత్రి పెద్ద నోట్ల రద్దు. తెల్లారితే బయట ఆటో దగ్గర ఐదొందల నోట్లు పట్టుకుని నిలబడ్డ విదేశీ ప్రతినిధులను చూడాలి! నా జేబులో ఉన్న వంద నోట్లు ఇద్దరికి పంచాను.

పోస్టెల్ ఉన్నప్పుడు బాగుండేది అనే మాట మీద ఒక్కటి చెప్పి ఆపుతాను. మా అపార్ట్‌మెంట్‌కి పన్నెండేళ్లు ఒక రిటైర్డ్ మాస్టారు సెక్రటరీ. పైసా తినలేదు. ఆయన హఠాత్తుగా ఆస్పత్రిలో పడితే బోరు మోటారు మెకానిక్ ఎవరో, ట్యాంకరువాడి నంబరేమిటో, బ్యాంకులో ఎంతుందో ఎవరికీ తెలియలేదు. నాలుగు రోజులు నీళ్లు లేవు. తర్వాత నేనే పట్టుబట్టి, ఏ ఫ్లాట్ వాళ్లడిగినా వారంలో లెక్కలు చూపించాలని రూలు రాయించాను. ఆ రూలు కింద మొదటి అర్జీ పెట్టింది కోలుకుని వచ్చిన మాస్టారే. కొత్త కమిటీ డీజిల్ పద్దు తప్పు రాసిందని పట్టుకున్నాడు. ఆ కమిటీలో నేనూ ఉన్నాను.