ఎక్స్‌ప్లోరర్ పోయింది, పాత పోర్టల్ మిగిలింది

ప్రశ్న: మా కాంట్రాక్టు ఆఫీసులో వాడే ఒక పాత పోర్టల్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో తప్ప పనిచేయదు. ఇప్పుడు ఆ గుర్తు నొక్కితే మైక్రోసాఫ్ట్ కొత్త బ్రౌజర్ ఎడ్జ్ వస్తోంది. ఎడ్జ్‌లోనే పేజీని ఎక్స్‌ప్లోరర్ పద్ధతిలో తెరిచే ఐఈ మోడ్ పెట్టుకుంటే నెల రోజులు బాగా నడిచి మళ్లీ ఆగిపోయింది. ఎక్స్‌ప్లోరర్‌నే తిరిగి తెచ్చుకోవచ్చా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: కుదరదండీ. విండోస్ 10లో ఎక్స్‌ప్లోరర్ 11కు 2022 జూన్ 15న మద్దతు ఆగింది. 2023 ఫిబ్రవరి 14న ఎడ్జ్ అప్‌డేట్ దాన్ని పూర్తిగా మూసేసింది. బయటి సైట్లలో ‘ఎక్స్‌ప్లోరర్ డౌన్‌లోడ్’ అని కనిపించేవాటి జోలికి పోకండి. డిజిటల్ సంతకం టోకెన్ (పెన్‌డ్రైవ్‌లాంటి పరికరం) పెట్టే కంప్యూటర్ అయితే మరీ ప్రమాదం. ప్రోగ్రామ్ పోయినా దాని ఇంజిన్ విండోస్‌లోనే ఉంది, ఐఈ మోడ్ నడిచేది దానిమీదే. కనీసం 2029 వరకు దీన్ని కొనసాగిస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది.

మీకు అడ్డొచ్చింది గడువు. ఎడ్జ్ సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ బ్రౌజర్ కింద చేర్చిన పేజీ 30 రోజులకు జాబితాలోంచి దానంతటదే పోతుంది. అక్కడికే వెళ్లి మళ్లీ చేర్చండి. చిరునామాను చేత్తో టైపు చేయకుండా, తెరిచిన పేజీ నుంచే కాపీ చేయండి. చిరునామా మొదట్లో హెచ్‌టీటీపీ బదులు హెచ్‌టీటీపీఎస్ పడినా అది వేరే పేజీ కిందే లెక్క. చిరునామా పట్టీకి ఎడమవైపు చిన్న ‘ఈ’ గుర్తు కనిపిస్తేనే మోడ్ పనిచేస్తున్నట్టు.

గుర్తు ఉన్నా టోకెన్ దొరకడం లేదంటే యాక్టివ్‌ఎక్స్‌కు (ఎక్స్‌ప్లోరర్ పేజీల్లో నడిచే చిన్న ప్రోగ్రాములకు) అనుమతి లేదేమో చూడాలి. స్టార్ట్‌లో ఇంటర్నెట్ ఆప్షన్స్ అని వెతికి, సెక్యూరిటీలో ట్రస్టెడ్ సైట్స్‌కు పోర్టల్‌ను చేర్చండి. అది హెచ్‌టీటీపీ సైటైతే కింద హెచ్‌టీటీపీఎస్ తప్పనిసరి అనే టిక్కు తీసేస్తేనే చేరుతుంది. పాత సెట్టింగులను ఐఈ మోడ్ ఇక్కణ్నుంచే తీసుకుంటుందని చాలామందికి తెలియదు.

కంప్యూటర్లు ఎక్కువుంటే నెలనెలా ఈ తిప్పలు పడొద్దు. సైట్ల జాబితాను ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా రాసి గ్రూప్ పాలసీ (ఆఫీసు కంప్యూటర్లన్నిటికీ ఒకేచోటి నుంచి సెట్టింగులు పెట్టే పద్ధతి) ద్వారా అన్నిటికీ ఇవ్వమని మీ సిస్టమ్స్ మనిషిని అడగండి. దానికి గడువు ఉండదు. పోర్టల్ నడిపేవాళ్లకు కూడా ఇప్పుడే ఉత్తరం రాయండి, సైటు మార్చాల్సింది వాళ్లే.

ప్రశ్న: మా ఇంట్లో విండోస్ 7 కంప్యూటర్‌లో ఎక్స్‌ప్లోరర్ ఇంకా తెరుచుకుంటోంది. బ్యాంకు పనికి వాడొచ్చా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: వద్దమ్మా. తెరుచుకున్నంత మాత్రాన భద్రం కాదు. విండోస్ 7కు 2020 జనవరి 14న సాధారణ మద్దతు ముగిసింది. దానిమీద క్రోమ్, ఎడ్జ్ రెండూ 109వ వెర్షన్ దగ్గరే ఆగిపోయాయి. బ్యాంకు పని ఫోన్‌లోనో కొత్త విండోస్‌లోనో చేసుకోండి. దాచుకున్న లింకులు పోతాయని బెంగ పడకండి. సీ డ్రైవ్‌లో యూజర్స్, అందులో మీ పేరు, అందులో ఫేవరిట్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుంటే చాలు.