జీపుకు ట్రాలీ తగిలించి బండలు తోలవచ్చా?

ప్రశ్న: మాది తాడిపత్రి దగ్గర పల్లె. మా నాయన కాలం నాటి ఫోర్ వీల్ డ్రైవ్ జీపు ఉంది, సొంత వాడకానికి రిజిస్టరైంది. వెల్డింగ్ షాపులో రెండు చక్రాల ట్రాలీ చేయించి, ఊళ్లకు నాపబండలు కిరాయికి తోలుతున్నా. మొన్న బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఆపి ఓవర్‌లోడ్ అనీ, ట్రాలీకి నంబరు లేదనీ కేసు రాశారు. కాటా వేయలేదు. ట్రాక్టర్లు ఇంతకు రెండింతలు లాగుతున్నాయి కదా, మాకే ఎందుకు? కేసు నిలబడుతుందా?

జవాబు: ఓవర్‌లోడ్ కేసు మీద పోరాడవచ్చు. ట్రాలీ కేసులో మాత్రం దారి లేదు.

బరువు మీద అనుమానమొస్తే బండిని కాటాకు తోలించే అధికారం మోటారు వాహనాల చట్టం 114వ సెక్షన్ ఇచ్చింది. కాటా చీటీ లేకుండా కంటిచూపుతో రాసిన బరువును కోర్టులో గట్టిగా ప్రశ్నించవచ్చు. అయితే కాంపౌండింగ్ ఫీజు, అంటే కోర్టుకు పోకుండా కేసు మూసేసేందుకు కట్టే సొమ్ము, కట్టి ఉంటే ఆ వాదన అక్కడితో సరి. కట్టారో లేదో మీరు రాయలేదు.

ఒకసారి లెక్క మీరే వేసుకోండి. అంగుళం మందం బండ వంద చదరపు అడుగులు 600 కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. ఐదు వందల అడుగులు వేస్తే మూడు టన్నులు. ఆర్సీలో రాసిన బరువు దాటినట్టు రుజువైతే 194వ సెక్షన్ కింద 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000, సరుకు దించే ఖర్చు కూడా మీదే. లో గేరు వేస్తే జీపు లాగుతుంది, నిజమే. దిగుడులో బ్రేకు లేని ట్రాలీ వెనక నుంచి నెడుతుంటే ఆపాల్సింది ఆ పాత బ్రేకులే కదా.

చట్టం దృష్టిలో ట్రాలీ కూడా మోటారు వాహనమే. దానికి వేరే రిజిస్ట్రేషన్, వేరే ఇన్సూరెన్సు కావాలి. వెనక జీపు నంబరు కూడా కనపడాలి. సొంత వాడకం బండిని కిరాయికి తిప్పడం మరో తప్పు. ట్రాక్టర్లకూ ఇదే చట్టం. వాళ్లను ఆపలేదన్నది కోర్టులో మీకు జవాబు కాదు.

జరిమానా కన్నా నన్ను భయపెడుతున్నది ఇన్సూరెన్సు. నేను చూసిన ఒక ఫైలులో ట్రాలీ కొండీకి పిన్ను బదులు మామూలు బోల్టు దూర్చారు. అది తెగి, ట్రాలీ ఎదురొచ్చే మోటార్ సైకిల్ మీదికి పోయింది. నంబరు లేని ట్రాలీ, పైగా కిరాయి సరుకు. బాధ్యత మాది కాదని ఇన్సూరెన్సు కంపెనీ వాదించింది. ఇలాంటి వాటిలో ట్రిబ్యునల్ (ప్రమాద పరిహారం తేల్చే కోర్టు) ఒక్కోసారి కంపెనీని ముందు చెల్లించమని, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమంటుంది. అంటే చివరికి కదిలేది మీ పొలం, మీ ఇల్లు. అందుకే అడుగుతున్నా, కేసు సంగతి తేలేదాకా కూడా ఆ ట్రాలీని రోడ్డెక్కించకండి.

బండలు తోలడమే బతుకుతెరువు అయితే రవాణా బండిగా రిజిస్టరైన చిన్న గూడ్సు వాహనం చూసుకోండి. వాయిదా తేదీకి ముందే నోటీసు నకలు, ఆర్సీ, పాలసీ కాగితం పట్టుకుని దగ్గర్లోని వకీలును కలవండి. పాలసీలో 'లిమిటేషన్స్ యాజ్ టు యూజ్' అని, బండిని దేనికి వాడవచ్చో, దేనికి వాడకూడదో చెప్పే ఒక పేరా ఉంటుంది. దాన్ని ఆయన చేత తెలుగులో చెప్పించుకోండి.