షిప్పింగ్ ఫ్రీ అనే ముందు డబ్బా కొలతలు తేల్చుకోండి

చిత్తూరు నుంచి గంగమ్మ జాతర వేషాల యాక్షన్ ఫిగర్లు, ఆరంగుళాలవి, క్రౌడ్‌ఫండింగ్‌తో, అంటే కొనేవాళ్ల దగ్గరే ముందుగా డబ్బు పోగుచేసి, తేవాలనుకుంటున్నారు. షిప్పింగ్ ఫ్రీ అనాలా, విడిగా అడగాలా అన్నది మీ ప్రశ్న. తిరుపతిలో నేనూ మా స్నేహితుడూ పులివేషం బొమ్మలు ముందస్తు ఆర్డర్ల మీద చేసి పంపాం కాబట్టి చెప్తున్నా.

దేశం లోపలికైతే ధరలో కలిపేయండి. 1,800 అంటే కొనేవాళ్లే, 1,650, పైన షిప్పింగ్ 150 అంటే బేరం మొదలుపెడతారు. విదేశాలకు మాత్రం ఇప్పుడే రేటు చెప్పొద్దు. బొమ్మ తయారయ్యాక, పంపే ముందు షిప్పింగ్ విడిగా తీసుకుంటామని మొదటి రోజే రాసి పెట్టండి. 2021లో కంటెయినర్ల రేట్లు ఎన్నో రెట్లు పెరిగినప్పుడు, ముందే షిప్పింగ్ వసూలు చేసుకున్న చాలా ప్రాజెక్టులు మళ్లీ జనం ముందు చెయ్యి చాచాయి. 2025 ఆగస్టు చివర్లో అమెరికా 800 డాలర్ల లోపు పార్శిళ్లకున్న సుంకం మినహాయింపు తీసేసింది. మన తపాలా శాఖ కూడా అక్కడికి చాలావరకు పార్శిళ్లు ఆపేసి, అక్టోబర్ మధ్యలో మళ్లీ మొదలుపెట్టింది. మీ కొనుగోలుదారుల్లో సగం మంది డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే మనవాళ్లే అయితే ఇది చిన్న విషయం కాదు.

ఇక అసలు సంగతి డబ్బా. చాలా కొరియర్లు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తాయి. ఆ లెక్కా అసలు బరువూ, రెండిట్లో ఏది ఎక్కువైతే దానికే డబ్బు. 30×20×10 డబ్బా అయితే 1.2 కిలోలు, లోపలి బొమ్మ 350 గ్రాములే అయినా సరే. అదే 22×14×8 అయితే 0.49, అంటే అర కిలో శ్లాబులోనే ఉంటారు. మా పులికి తోకే తంటా. బయటికి సాగిన తోక వల్ల డబ్బా పెద్దదవుతుంటే, దాన్ని విడి ముక్కగా చేసి నడుం దగ్గర గుచ్చేలా పెట్టాం. మీ సున్నపు కుండల వేషానికీ అంతే, నెత్తిన కుండ విడిగా పెట్టండి. డబ్బా తగ్గుతుంది, దారిలో విరగదు కూడా.

అమెరికా క్రౌడ్‌ఫండింగ్ సైటు కిక్‌స్టార్టర్ గురించి కూడా ఆలోచిస్తున్నట్టున్నారు. మన దేశం నుంచి అక్కడ ప్రాజెక్టు పెట్టడానికి లేదు. అమెరికాలో ఉన్న బావగారి పేరు మీద పెడితే డబ్బూ పన్నూ బాధ్యతా ఆయన నెత్తినే పడతాయి, ముందు ఆయన్ని అడగండి! పైగా ప్రాజెక్టుతో పాటే షిప్పింగ్ తీసుకుంటే అదీ టార్గెట్‌లో కలుస్తుంది, కిక్‌స్టార్టర్ వాళ్ల 5 శాతం కమిషన్ దాని మీదా పడుతుంది. టార్గెట్ నిండిందని సంబరపడితే అందులో కొంత కొరియర్ వాడిదే.

14 ఏళ్లలోపు పిల్లల ఆటబొమ్మలకు 2021 జనవరి నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. డబ్బా మీద వయసు రాసేముందు దాని సంగతి ఎవరైనా తెలిసినవాళ్లతో మాట్లాడుకోండి.

జాతర మే నెలలో కాబట్టి అప్పటికే చేతికి రావాలని అందరూ అడుగుతారు. పీఎల్ఏ అనే 3డీ ప్రింటింగ్ ప్లాస్టిక్‌తో ప్రింట్ చేస్తే 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, మన ఎండకు మూసిన వ్యాన్‌లో ఏమవుతుందో మీరే ఊహించుకోండి. మార్చిలోపే పంపేయడం మేలు. విడి చేతులు, కీళ్లు కొన్ని ఎక్కువ పోసి పెట్టుకోండి, వాటిని మళ్లీ పంపే ఖర్చు కూడా ధరలోనే వేసుకోండి. విరిగిన చెయ్యి ఒక్కటే పంపినా కొరియర్ వాడికి అర కిలో డబ్బులు ఇవ్వాల్సిందే.