గన్నవరం నుంచి వైజాగ్: 35 నిమిషాల దూరానికి గంట ఎందుకు?

ప్రశ్న: మాది విజయవాడ. వచ్చే నెల వైజాగ్‌లో మా చెల్లెలి కూతురి ఓణీల ఫంక్షన్, మోకాళ్ల నొప్పులున్న అమ్మను తీసుకెళ్లాలి. మ్యాప్‌లో గన్నవరం నుంచి వైజాగ్ ఎయిర్‌పోర్టుకు తిన్నగా గీత గీస్తే 290 కిలోమీటర్లే వస్తోంది. చిన్న విమానమైనా గంటకు 500 కిలోమీటర్లు పోతుందంటారు, అంటే 35 నిమిషాలు చాలు కదా. మరి టికెట్ మీద గంట పైనే ఎందుకు వేస్తారు? రైలే నయమా?

జవాబు: మీ లెక్కలో తప్పు లేదండీ. ఆ గీత దాదాపుగా ఏలూరు, రాజమండ్రి, తుని మీదుగానే పోతుంది, అంటే రైలు దారికి పైనే. రైలుకి 350 కిలోమీటర్లు ఎందుకయ్యాయంటే, విజయవాడ స్టేషన్ గన్నవరానికి ఇరవై కిలోమీటర్లు ఇవతల ఉంది, పైగా పట్టాలు నిడదవోలు, సామర్లకోట అంటూ వంకర్లు తిరుగుతాయి.

ఇక టైమ్ సంగతి. టికెట్ మీద వేసేది గాల్లో ఉండే సమయం ఒక్కటే కాదు, ఇక్కడ విమానం ఆగిన చోటు నుంచి కదిలినప్పటి నుంచి అక్కడ మళ్లీ ఆగి నిలబడేదాకా మొత్తం. రన్‌వే దాకా విమానం నేలమీదే మెల్లగా పోవాలి, వేరే విమానం దిగుతుంటే ఆగాలి. ఏటీఆర్‌కి, అంటే ఇలాంటి రూట్లలో తిరిగే రెక్కల ఫ్యాన్ల చిన్న విమానానికి, మీరన్న 500 వేగం పైకెక్కాకే వస్తుంది, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఉండదు, ఇంత చిన్న దూరంలో ఎక్కడం అయిందో లేదో దిగడం మొదలవుతుంది. అందుకే ఈ రూట్‌లో పెద్ద జెట్ వేసినా మహా అయితే పది, పదిహేను నిమిషాలు మిగులుతాయి. దానికి తోడు వైజాగ్‌ది నేవీ వాళ్ల రన్‌వే, చుట్టూ కొండలు. చాలాసార్లు విమానం సముద్రం మీదికి వెళ్లి, వెనక్కి తిరిగి దిగుతుంది. మీరు గీసిన గీతలో ఆ తిరుగుడు లేదు.

అసలు చూడాల్సింది ఇంటి నుంచి ఇంటికి ఎంతసేపు అని. విజయవాడ బెంజ్ సర్కిల్ నుంచి గన్నవరం ముప్పావు గంట అనుకోండి, కౌంటర్ గంట ముందే మూసేస్తారు కాబట్టి ఇంకాస్త ముందే ఉండాలి, తర్వాత ఆ గంట ప్రయాణం, దిగాక సామాను, ఆటోనో క్యాబో... నాలుగు గంటలు ఎటుపోయాయో తెలీదు. వందేభారత్ రైలు స్టేషన్ నుంచి స్టేషన్‌కి దాదాపు నాలుగున్నర గంటల్లో తీసుకెళ్తుంది. స్టేషన్‌కి వెళ్లిరావడం కలిపినా విమానంతో మీకు కలిసొచ్చేది ఒక గంట, గంటన్నర.

నేనైతే రైలే ఎక్కుతాను. కానీ అమ్మగారు నాలుగు గంటలు కూర్చోలేరంటే విమానమే మేలు. టికెట్ కొనేటప్పుడే వీల్‌చైర్ కావాలని పెట్టండి, ఏటీఆర్‌కి వెనక తలుపు దగ్గర మెట్లుంటాయి, ఎక్కించడానికి సాయం కావాలని కూడా ముందే చెప్పండి. కిటికీ సీటు కుడివైపు తీసుకోండి, వైజాగ్ దగ్గరపడ్డాక సముద్రం అటే కనిపిస్తుంది. ఫంక్షన్ డిసెంబరు, జనవరిల్లో అయితే మాత్రం పొద్దుటి విమానం వద్దు, గన్నవరంలో పొగమంచు పడితే విమానం ఎప్పుడు లేస్తుందో ఎవరూ చెప్పలేరు.